నార్వే రోడ్ల మీద మా నాన్న

"ఈసారి ట్రావెల్ మీద ఎవరైనా రాయండి" అని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను వెంటనే సరే అన్నాను. మొన్న సమ్మర్ హాలిడేస్‌లో నార్వే వెళ్లొచ్చాను, ఫోన్‌లో నాలుగు వందల ఫొటోలున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నా. రాయడానికి కూచున్నాక తెలిసింది, కొండల గురించి నా దగ్గర పెద్దగా మాటల్లేవు. అవి యూట్యూబ్‌లో ఇంకా బాగుంటాయి. ఎల్కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి వత్తులు తప్పితే క్షమించండి.

మాది విజయనగరం. నాన్న లారీ డ్రైవర్. చిన్నప్పుడే సాలూరులో క్లీనర్‌గా చేరి, తర్వాత ఇరవై ఆరేళ్లు స్టీరింగ్ పట్టాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, సాలూరు అంటే లారీలకి పేరుపడ్డ ఊరు. పాత 43వ నంబర్ హైవే, ఇప్పుడు 26 అంటున్నారు, ఆ ఊరు దాటాక ఘాట్ ఎక్కి, ఒడిశాలో సుంకి మీదుగా కోరాపుట్ వెళ్తుంది. రాయపూర్ లోడు దొరికిందంటే ఆ ఘాట్ ఎక్కాల్సిందే. నాన్న ఎన్నిసార్లు ఎక్కాడో ఆయనకే లెక్క లేదు.

అక్క నాకన్నా ఏడేళ్లు పెద్ద. ఎంఎస్‌కి నార్వే ఎంచుకోవడానికి కారణం సింపుల్. అప్పట్లో అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మనలాంటి వాళ్లకి కూడా ట్యూషన్ ఫీజు లేదు. (2023 నుంచి పెట్టారు, కాబట్టి ఆశపడకండి.) ఫీజు లేకపోయినా ఏడాది ఖర్చులకి సరిపడా డబ్బు ముందే చూపించాలి. అందుకోసం నాన్న సొంత లారీ అమ్మేశాడు. తర్వాత కొన్నాళ్లు వేరేవాళ్ల బండి నడిపి, మోకాళ్లు సహకరించక మానేశాడు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. నాకు పద్దెనిమిది నిండిన నెలలోనే నాన్న పొద్దున్నే లేపి రింగు రోడ్డు మీద కారు నేర్పించాడు. అదే వయసులో అక్క అడిగితే "నీకెందుకమ్మా, నడిపేవోళ్లు ఉంటారు కదా" అన్నాడట. అక్క మళ్లీ అడగలేదు. నాకు ఇది చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

జూన్‌లో నాన్న, నేను ఆస్లో వెళ్లాం. నాన్నమ్మని చూసుకోడానికి అమ్మ ఉండిపోయింది. మొదటి రాత్రి పదకొండు దాటినా బయట వెలుగే. నాన్న కిటికీ దగ్గర నిలబడి "ఇంకా పొద్దు పోలేదేటి, ఎలగ తొంగుంటారు వీళ్లు?" అంటాడు. మూడో రోజు అక్క కారులో బయల్దేరాం. ఈ16 అనే రోడ్డు ఆస్లో నుంచి బెర్గెన్ వైపు కొండల మధ్య నుంచి పోతుంది.

అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అంటే నాన్న కూచున్నది మన కార్లలో డ్రైవర్ కూచునే చోటు. ముందర స్టీరింగ్ మాత్రం లేదు. వెనక సీట్లోంచి నాకు ఆయన కాళ్లు కనిపిస్తున్నాయి. మలుపు వచ్చిన ప్రతిసారీ కుడికాలు కింద మ్యాట్‌ని గట్టిగా తొక్కుతోంది. అక్క చూసింది, ఏమీ అనలేదు.

పైగా అది ఎలక్ట్రిక్ కారు. (2024లో నార్వేలో అమ్మిన కొత్త కార్లలో నూటికి 89 దాకా ఎలక్ట్రిక్వే.) సౌండ్ బట్టి గేరు చెప్పే మనిషి మా నాన్న. ఇక్కడ సౌండూ లేదు, గేర్లూ లేవు. రెండు గంటలు చెవి ఒగ్గి కూచున్నాక "బండి నడస్తందో లేదో తెలీట్లేదు" అన్నాడు. దారిలో బోర్గున్‌లో 1180 ప్రాంతంలో కట్టిన చెక్క చర్చి దగ్గర ఆగాం. నేను ఫొటోలు తీశాను, నాన్న చెక్కల అతుకులు తడిమి చూశాడు. నాకు ఆకలేస్తోంది, అంతకుమించి గుర్తులేదు.

లార్డాల్ దగ్గర రెండు దారులు. ఒకటి సొరంగం, 24.5 కిలోమీటర్లు, 2000లో తెరిచారు. విజయనగరం నుంచి గజపతినగరం దాదాపు అంత దూరం ఉంటుందేమో, అదంతా కొండ కడుపులోంచి. రెండోది కొండ మీద నుంచి పోయే పాత రోడ్డు. దాన్ని మంచు రోడ్డు అంటారు, చలికాలమంతా మూసేస్తారు. అక్క నాన్న వైపు చూసింది. "ఘాటే ఎల్దాం" అన్నాడు.

పైకి వెళ్లేకొద్దీ చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత అసలే లేవు. బండరాళ్లు, నాచు, నీళ్లు. పైన జూన్‌లో కూడా రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడలు, కారు కంటే ఎత్తు. ఆ రోడ్డు ఎత్తు 1,306 మీటర్లు. కోరాపుట్ దారిలో కనబడే దేవమాలి కొండ 1,672. మన కొండ మూడొందల మీటర్లకు పైగా ఎత్తు, అయినా పచ్చగా ఉంటుంది, చుట్టూ ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. భూమధ్యరేఖకి అంత దూరం వెళ్తే కొండకి అంత ఎత్తు అవసరం లేదన్నమాట. నాన్న మంచు ఒకసారి ముట్టుకుని "మనుసులెవరూ లేని ఘాట్‌లో బండి ఆగిపోతే ఎవుల్ని పిలస్తారు?" అని అడిగాడు. నాకు అందమైన చోటు, ఆయనకి బ్రేక్‌డౌన్ అయ్యే చోటు.

అక్కడే అక్క తన లైసెన్స్ కథ చెప్పింది. నార్వేలో లైసెన్స్ కావాలంటే జారిపోయే ట్రాక్ మీద కూడా బండి నడిపే క్లాసు తప్పనిసరి. మొదటి రోజు నేర్పించేవాడు "ఇంతకుముందు ఎప్పుడైనా నడిపావా?" అని అడిగితే, "లేదు, కానీ మా నాన్న ఇరవై ఆరేళ్లు కొండల్లో లారీ నడిపాడు" అందట. నాన్న అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

దిగడం మొదలైంది. ఔర్లాన్ వైపు ఆ రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. అక్కడక్కడా కాస్త వెడల్పు చేసి, ఎం అని రాసిన నీలం బోర్డు పెడతారు. ఎదురు బండి వస్తే అక్కడ తప్పుకోవాలి. ఒక మలుపులో మా ఎదురుగా పెద్ద క్యాంపర్ వ్యాన్ వచ్చేసింది. కింద అఖాతం లాంటి లోయ, ఫియర్డ్‌లో నీళ్లు. ఎం బోర్డు మా వెనక, పైన ఉంది.

"ఎక్కే బండికి దారివ్వాలమ్మా" అన్నాడు నాన్న. అక్కకి తెలుసు. రివర్స్ వేసింది. స్క్రీన్ మీద కెమెరా, బీప్ బీప్ మోత. రెండడుగులు వెళ్లి ఆపేసింది. స్టీరింగ్ మీద చేతులు గట్టిగా ఉన్నాయి. నేను నోరెత్తలేదు. నాన్న వచ్చి ఆ సీట్లో కూచుంటాడనే అనుకున్నాను, అక్క కూడా అదే అనుకుని ఉంటుంది.

నాన్న డోరు తీసుకుని మోకాలు పట్టుకుంటూ దిగాడు. వెనక్కి వెళ్లి డిక్కీ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... సీదా చెయ్... రానీ..." నేనెప్పుడూ వినని గొంతు అది, క్లీనర్ గొంతు. కెమెరా స్క్రీన్ నిండా నాన్నే. పచ్చ, ఎర్ర గీతల మధ్య చెయ్యి ఊపుతూ వెనక్కి నడుస్తున్నాడు. అక్క అద్దం దించింది, స్క్రీన్ వైపు చూడటం మానేసింది. అరవై డెబ్భై మీటర్లు అలాగే వెళ్లాం.

"హోల్డాన్!"

వ్యాన్ పెద్దాయన చెయ్యెత్తి వెళ్లిపోయాడు. నాన్న కూడా చెయ్యెత్తాడు, మన లారీ వాళ్లు ఎత్తినట్టే. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుని "ఎల్లు" అన్నాడు, అంతే.

కిందికి దిగేటప్పుడు బ్యాటరీ 46 నుంచి 50 శాతం అయింది. బ్రేకు వేసినప్పుడల్లా మోటారే కరెంటు తయారుచేస్తుందని చెప్పి, ఇంటర్ ఫిజిక్స్ గుర్తుచేసుకుని లెక్క కట్టాను. రెండు టన్నుల బండి 1,300 మీటర్లు దిగితే ఏడు యూనిట్లు, అందులో కొంత పోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని ఊరికే అంటారా అని నాన్న తెగ సంతోషపడ్డాడు. "దిగితే డీజిల్ తిరిగొచ్చినట్టే కదేటి!" మ్యాట్ మీద కాలు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఫ్లోమ్ చేరేసరికి మాత్రం రెండు కాళ్లూ మడిచి, సీటు మీద బాసింపట్టు వేసి కూచున్నాడు.

రాత్రి తొమ్మిదికి, మనకి పన్నెండున్నర, ఆయన లాడ్జి బయట నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆ టైముకి మేలుకుని ఉండేది లారీ వాళ్లే. అవతల ఎవరో సాలూరు ఫ్రెండు, హారన్లు వినిపిస్తున్నాయి. నేను చలికి జాకెట్ ఇవ్వడానికి వెళ్లాను.

"మా పెద్దగుంట రా... ఆ, ఘాట్‌లోనే... వెనక్కి, పైకి తీసింది. ఎక్కడా రుద్దలేదు. నానే క్లీనర్ని."

ఈ మాట నాన్న అక్కతో అనలేదు. నేనూ చెప్పలేదు. అక్కకి తెలుగు చదవడం బాగానే వచ్చు, మ్యాగజైన్ రాగానే లింక్ పంపిస్తాను.