కుడిచేతికి సెలవు

మా ఇంట్లో చేతినొప్పి అనే మాటకు పెద్ద విలువ లేదు. ఆర్మూరు పక్కన పల్లె మాది. పసుపు పండించేవాళ్ల ఇంట్లో చేతులు నొయ్యలేదంటే ఆ ఏడు పంట లేదన్నమాటే. అంచేత పోయిన మాఘమాసంలో నా కుడి మణికట్టు నొప్పిగా ఉందని చెప్పినప్పుడు మా బాపు నా చేతివంక ఒకసారి, ముఖంవంక ఒకసారి చూసి, "ఏం బరువు మోసినవురా, కంప్యూటర్ నెత్తికెత్తుకున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చాయ గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకున్నాను.

నేను మోసిన బరువేమిటో చెబుతాను. సెమిస్టరు పరీక్షలు కాగానే సెలవులు దొరికితే ఆర్మూరులో ఒక జిరాక్సు దుకాణంలో టైపింగుకు కుదిరాను. పేజీకింత అని లెక్క. పెళ్లిపత్రికలు, దరఖాస్తులు, ఎవరివో ప్రాజెక్టు రిపోర్టులు. తెలుగు టైపు చేసినవారికి తెలుసు, మన లిపి కంటికెంత అందమో వేళ్లకంత పని. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి 6 మీటలు నొక్కాలి. మహాప్రాణాలకు షిఫ్ట్ మీట అదనం. పేజీకి 2,000 మీటలు వేసుకున్నా, రోజుకు 15 పేజీలంటే 30,000 దెబ్బలు. ఈ గుణకారం అప్పుడు చేసుకోలేదు. పేజీలను రూపాయలతో గుణించుకోవడంతోనే సరిపోయింది.

అక్కడి బల్ల ఎత్తు, కుర్చీ పొట్టి. కీబోర్డు వెనక రెండు చిన్న కాళ్లుంటాయి చూశారా, అవి లేపి పెడితేనే దర్జా అని నా అభిప్రాయం. దాంతో చేతులు మణికట్టు దగ్గర వెనక్కి విరిగినట్టు ఉండేవి. మౌసేమో కాగితాల కట్టకు అవతల, చెయ్యి బారచాస్తే తప్ప అందదు.

మొదటి వారం సాయంత్రానికి చెయ్యి గుంజేది. రెండో వారం పొద్దున లేస్తూనే బిగుసుకుపోయి ఉండేది. నాలుగో వారానికి తువ్వాలు పిండలేను, తాళం తిప్పలేను. అయినా మానలేదు. పుస్తకాలకు కావలసిన డబ్బు ఇంకా కొంత తక్కువపడుతోంది మరి.

అమ్మ ఊరుకుంటుందా? పసుపు, సున్నం కలిపి వేడిచేసి పట్టు వేసింది. పసుపు క్షారం తగిలి ఎర్రబడింది. పసుపు కాగితాన్ని సూచికగా వాడతామని ప్రయోగశాలలో నేర్చుకున్నది నా మణికట్టు మీదే రుజువైంది. 1815లోనే ఫ్రాన్సులో వోగెల్, పెల్టియే అనే ఇద్దరు పసుపులోంచి కుర్కుమిన్‌ను వేరుచేశారు. అది నీటిలో కరగదు, ఒంటికి పట్టడమూ కష్టమే. అందుచేత ఆ పట్టు నా జబ్బును కుదిర్చిందని చెప్పలేను. వేడి మాత్రం హాయిగా ఉండేది. అమ్మ చెయ్యి తగిలిన హాయి ఎంతో, వేడి హాయి ఎంతో నా కెమిస్ట్రీకి అందలేదు.

సెలవులయ్యాయి, హాస్టలుకు వచ్చాను. అసలు గండం ప్రాక్టికల్స్‌లో వచ్చింది. టైట్రేషన్‌లో ఎడమచేత్తో బ్యూరెట్ తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్కును సుడితిప్పాలి కదా. ఆ సుడి తిప్పుడే నా వల్ల కాలేదు. చేతులు మార్చాను. లేత గులాబీ రావలసిన ఫ్లాస్కు మూడుసార్లూ ముదురు గులాబీ అయి కూర్చుంది. మా సారు వెనకనుంచి వచ్చి, "ఏమయ్యా, ఈ ఎడమచేతివాటం ఎప్పటినుంచి?" అన్నారు. దాచలేకపోయాను. ఆ సాయంత్రమే ఆయన చీటీ రాసి నన్ను ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి పంపించారు.

ఆమె ముందుగా నరం సంగతి చూసింది. మణికట్టులో 8 చిన్న ఎముకలు, వాటిమీద అడ్డంగా ఒక గట్టి పట్టీ. ఆ రెంటి మధ్య ఇరుకు సొరంగంలోంచి వేళ్లను ముడిచే 9 టెండన్లూ, ఒక నరమూ వెళ్తాయి. అక్కడ వాపు వస్తే నలిగేది నరం. "రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుందా? చెయ్యి విదిలించుకుంటావా? చిటికెన వేలు బాగానే ఉండి, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారతాయా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే అదృష్టవంతుడివి. నీది నరం జబ్బు కాదు, టెండన్ల అలసట" అంది.

మందుబిళ్లలు రాస్తుందనుకుంటే బల్ల గురించి అడిగింది! కీబోర్డు కాళ్లు మడిచెయ్యి. మోచెయ్యి ఇంచుమించు లంబకోణంలో, మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి. మౌసును కీబోర్డు పక్కకే లాక్కో. టైపు చేసేటప్పుడు మణికట్టును బల్ల అంచుకు ఆనించకు. మీటలను కొట్టకు, తాకు. అరగంటకొకసారి లేచి వెళ్లి మంచినీళ్లు తాగు. ల్యాప్‌టాప్ మీద గంటలకొద్దీ పనైతే కీబోర్డు వేరే తగిలించుకో. ఫోనుమీద ఒక్క బొటనవేలితో ఉత్తరాలు రాసే అలవాటు కూడా తగ్గించమంది. ఈ మాటకు హాస్టలు మిత్రులు నన్ను క్షమించాలి, వాళ్లకు జవాబులు ఆలస్యమైంది అందుకే.

రెండు వారాలు టైపింగు పూర్తిగా మాన్పించింది. కాని చేతిని కట్టేసి కూర్చోబెట్టలేదు. బొత్తిగా కదలకపోతే కండరం బలహీనపడుతుందట. నొప్పి తగ్గుముఖం పట్టాక కసరత్తు. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, బరువు పట్టుకుని మెల్లగా కిందికి దించాలి. ఎడమచేత్తో సాయంపట్టి పైకి లేపాలి. బరువుకు ఇంట్లో పాత తక్కెడ అరకిలో రాయి తెచ్చుకున్నాను. పసుపు తూచిన రాయితో నా బలాన్ని తూచుకున్నానన్నమాట. తువ్వాలు పిండగలగడానికి 2 నెలలు, టైపింగు మరచిపోయి టైపింగు చెయ్యగలగడానికి 4 నెలలు పట్టింది. నడుమ ఒకసారి బాగైందని తొందరపడి ఒక రాత్రంతా రికార్డు కొట్టి మళ్లీ మొదటికొచ్చాను.

లైబ్రరీలో వెదికితే ఈ జబ్బు కంప్యూటరు కన్న చాలా పాతదని తెలిసింది. రమజ్జినీ అనే ఇటలీ వైద్యుడు 1700లో పనివారల జబ్బులమీద ఒక గ్రంథం వేశాడు. 1713 నాటి రెండో కూర్పులో రాతగాళ్ల గురించి కూడా చేర్చాడు. కదలక కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున ఆడడం, తప్పు దొర్లకూడదని మనసు బిగబట్టడం, ఈ మూడే కారణాలన్నాడు. కుడిచెయ్యి పడిపోయిన ఒక లేఖకుడు ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటే కొన్నాళ్లకు ఆ చేతికీ అదే గతి పట్టిందట. అది చదివి, ఎడమచేతికి మౌసు అప్పగించి ధీమాగా ఉన్న నేను ఉలిక్కిపడ్డాను. 1980లలో ఆస్ట్రేలియాలో ఈ నొప్పి కీబోర్డు పనివాళ్లలో అంటువ్యాధిలా కనిపించి, ఇది ఒంటి జబ్బా మనసు జబ్బా అని వైద్యులే తగవులాడుకున్నారు. మా బాపు పరిహాసం ఆ తగవులో ఒక పక్షమేననుకున్నాను.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు ఊరికి వెళ్లే బస్సులో మళ్లీ గుర్తొచ్చాయి. రాత్రి చెయ్యి విదిలించుకుంటావా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. చిన్నప్పటినుంచీ నడిరాత్రి మా ఇంట్లో ఒక చప్పుడు వింటూనే ఉన్నాను. గాజుల చప్పుడు. అమ్మ నిద్రలో లేచి కుడిచెయ్యి విదిలించుకునేది. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. పసుపు తవ్వాక గడ్డకు అంటుకున్న ఒక్కొక్క కొమ్మునూ మెలిపెట్టి విరుస్తారు, మండను వేరుచేస్తారు. పొలంలో పనిలేని నెలల్లో బీడీలు. తునికాకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం, రోజుకు వెయ్యి పూర్తయ్యేదాకా అదే తిప్పు. నా 30,000 మీటలు 5 వారాలు. ఆమెవి 22 ఏళ్లు.

"తిమ్మిరే కద బిడ్డా, తెల్లారితే పోతది" అంది. పంట అయినంక పోదామంది, నాట్లయినంక అంది, బతుకమ్మ అయినంక అంది. చివరికి ఈ పుష్యమాసంలో తీసుకువెళ్లాను. రెండు చేతుల వీపులూ ఆనించి, మణికట్లు కిందికి మడిచి ఒక నిమిషం పట్టుకోమంది డాక్టరమ్మ. నిమిషం నిండకముందే అమ్మ చేతులు వదిలేసింది. బొటనవేలి మొదటి కండ కొంచెం కరిగిందని కూడా చూపించింది. నరం పరీక్ష రాసి, రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ ఇచ్చింది. 6 వారాలకు మళ్లీ రమ్మంది. తగ్గకపోతే ఆ అడ్డపట్టీని కోసి నరానికి చోటివ్వవలసి ఉంటుందట.

వచ్చేదారిలో అమ్మ ఒక్క మాటే అడిగింది. "పొద్దంత పని జేసుకొని రాత్రి కట్టుకుంటె సాలు గద?" నాకు జవాబు రాలేదు.

పట్టీ కట్టుకోవాలంటే ఆ చేతి గాజులు తీయాలి. మొదటి రెండు రాత్రులూ ఒప్పుకోలేదు. మూడోరాత్రి మా నానమ్మే దగ్గర కూర్చుని తీసి గూట్లో పెట్టింది.

ఆరు వారాల గడువు సరిగ్గా పసుపు ఉడకబెట్టే వారంలో పడింది. బాయిలర్ వంతు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఫోను పట్టుకుని ఆలోచిస్తుంటే బాపే చేశాడు. "బాయిలర్ను రెండొద్దుల తర్వాత రమ్మన్న. మీ అమ్మను నేనే తోల్కస్త, నువ్వు దవాఖాన కాడికి రా" అన్నాడు.