తిట్లు నేర్పే ఉద్యోగం

ఊరి నుంచి ఫోన్ చేసిన పెద్దవాళ్లు "అక్కడ ఏం పని చేస్తున్నావమ్మా?" అని అడిగితే "పిల్లలకు నాటకాలు నేర్పుతున్నా" అని ఊరుకుంటాను. ఇంగ్లండ్‌లో స్కూలు స్కూలుకీ తిరిగి, పదమూడేళ్ల పిల్లల చేత షేక్‌స్పియర్ నాటి ఇంగ్లీషులో ఒకరినొకరు తిట్టించడమే అందులో సగం పని అంటే వాళ్లు నమ్మరు.

పద్ధతి డ్రామా టీచర్లందరికీ తెలిసిందే. ఒక విశేషణం, రెండు మాటలు అతికించిన మరో విశేషణం, చివర ఒక నామవాచకం. మొదట్లో 'దౌ' తప్పనిసరి. అది ఆనాటి ఏకవచనం. 1603లో వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో ఆయన్ని 'దౌ' అన్నాడు. ఆ పిలుపే పెద్ద తిట్టు. ఇంగ్లీషు పిల్లలకు ఇది విడమరిచి చెప్పాలి. ఇంట్లో తెలుగో ఉర్దూనో మాట్లాడే పిల్లలకు అక్కర్లేదు.

అసలు కష్టం కూర్పులో ఉంది. ఒకబ్బాయి 'దౌ స్టుపిడ్, అగ్లీ ఫూల్' అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కంటికి కనిపించేది ఏదీ లేదు అందులో. "మీ ఫ్రిజ్‌లో అడుగున ఏం పడుందో గుర్తు తెచ్చుకో" అన్నాను. కాసేపు గోళ్లు కొరుక్కుని, 'దౌ మౌల్డీ, పుడింగ్-హెడెడ్ టర్నిప్!' అన్నాడు. బూజు పట్టి, బుర్రనిండా పుడింగున్న ముల్లంగి లాంటి దుంప అన్నమాట. తిట్టు తిన్న పిల్ల పగలబడి నవ్వి, మళ్లీ అనమంది. ట, డ, ప లాంటి గట్టి హల్లులున్నాయి కాబట్టి పేలింది. టర్నిప్ తీసేసి 'వెజిటబుల్' పెట్టి చూడండి, నోట్లోనే నానిపోతుంది. ఊపిరంతా చివరి మాటకు దాచుకోవాలి. చాలామంది మొదటి మాటకే గొంతు చించుకుని, చివరికొచ్చేసరికి చతికిలబడతారు. ఊపిరి గొడవ షేక్‌స్పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్‌కీ తప్పలేదు. 'హెన్రీ ది ఫోర్త్' మొదటి భాగంలో, ఈస్ట్‌చీప్ సారాకొట్టులో, బక్కపలచని యువరాజును తిడుతూ తిడుతూ ఊపిరి చాలడం లేదని ఆయనే వాపోతాడు.

ఆ ఇద్దరి తిట్లలో చనువుంది, అందుకే పిల్లలకు అదే చూపిస్తాను. 'కింగ్ లియర్'లో కెంట్ ఆస్వాల్డ్‌ను ఏకధాటిగా తిట్టేది నిజమైన కోపంతో. దానికి ఫలితంగా కాళ్లకు బొండకొయ్య వేయించుకుంటాడు. అది పెద్ద క్లాసులకు.

నా దగ్గర బూతు, ఒంటి రంగు, మతం, అమ్మానాన్నలు నిషిద్ధం. తిండి, జంతువులు, గిన్నెలు, వాన, వీటిలోంచే ఏరుకోవాలి. కట్టుబాట్లు ఆ కాలంలోనూ ఉండేవి. నాటకంలో దేవుడి పేరును వేళాకోళంగా వాడితే ఒక్కోసారికి పది పౌన్ల జరిమానా అని 1606లో పార్లమెంటు చట్టం చేసింది. షేక్‌స్పియర్ నాటకాల సంపుటం, 1623 నాటి ఫోలియోలో చాలా ఒట్లు అలా ఎగిరిపోయినవే. ఎండుచేపకీ కుళ్లిన కాయకీ మాత్రం జరిమానా లేదు. 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు పుట్టించిన 'దుషట చతుషటయం' వింటూ పెరిగినదాన్ని, నాకు ఆ కట్టుబాటులోనే మజా కనిపిస్తుంది. బూతుకు బుర్ర అక్కర్లేదు.

షేక్‌స్పియర్ పాఠం చెప్పే టీచర్లెవరైనా ఇది చదువుతుంటే, మొదటి పీరియడ్‌లో ఆయన జీవితచరిత్ర పక్కనపెట్టి ఈ తిట్లు పెట్టండి. పక్క క్లాసు టీచరుకు మాత్రం ముందే ఓ మాట చెప్పి ఉంచండి.