ఎమ్మిగనూరు దుప్పట్లో చుట్టిన వీణ

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో గంట ప్రయాణం. నేను ఎన్నిసార్లు పోయి వచ్చానో లెక్కలేదు. కానీ పోయిన ఎండాకాలంలో చేసిన ప్రయాణం మాత్రం ఎంతకీ తెమల్లేదు. ఎందుకంటారా? వీణను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను మరి! కుండ నా ఒళ్లో, యాళి ముఖం కిటికీలోంచి బయటికి. పైన పాత ఎమ్మిగనూరు దుప్పటి చుట్టాను. "ఏందమ్మా అది, పసిబిడ్డా?" అని కండక్టరు నవ్వాడు. నవ్వుతూనే లగేజీ టికెట్టు కొట్టాడనుకోండి.

ఆ వీణ మా పుట్టింటివాళ్లు ఇచ్చింది. పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లు అటక మీదే ఉండిపోయింది. ఆదోని ఎండలు మీకు తెలియనివి కావు. వీణ మెట్లను నిలబెట్టేది మైనమే కదా, అది ఏటా ఎండకు మెత్తబడుతూ, చలికి బిగుస్తూ చివరికి బీటలు వారింది. కిందికి దించేసరికి మెట్లు నాలుగు ఊడి చేతికి వచ్చాయి. తెలిసినవారి ద్వారా కర్నూలు పంపించి, కొత్త మైనం పోయించి, ఇరవై నాలుగు మెట్లూ సరిచేయించాను.

ఇదంతా మా చెల్లెలి కూతురి కోసం. దానికి గిటారు పిచ్చి. "పెద్దమ్మా, ఆ వీణ నాకిస్తే దాని మీద రాక్ వాయిస్తా" అంది ఫోనులో. నాకు ఒళ్లు మండింది. "సరస్వతీదేవి చేతిలో వస్తువే అది, దాని మీద ఆ గోలేంటే?" అని కసిరాను. మా రోజుల్లో ఒకసారి సరదాకి సినిమా పాట మీటినందుకే మా మాస్టారు వారం రోజులు పాఠం చెప్పలేదు. అలా పెరిగినదాన్ని మరి!

అది ఊరుకుంటుందా? సెల్లుకు ఒక వీడియో పంపింది. దక్షిణ కొరియా అమ్మాయి లూనా లీ. ముందు గాయాగుమ్ అనే పొడవాటి వాద్యం. పాతకాలపు దానికి పన్నెండు తీగలు, ఈ మధ్య వచ్చినవాటికి ఇరవై అయిదు. ఆ అమ్మాయి వాయించింది ఏ కొరియా పాటో కాదు, జిమీ హెండ్రిక్స్ అనే అమెరికా గిటారు విద్వాంసుడిది, 1968 నాటి రాక్ పాట! గోలే ఉంటుందనుకుని విన్నాను. కానీ నా కళ్లు ఆమె ఎడమ చేతి మీదే నిలిచిపోయాయి. కుడిచేత్తో మీటుతూ, గుర్రానికి అవతలి వైపు తీగను ఎడమ చేత్తో నొక్కుతోంది. స్వరం ఊగుతూ పైకి లేస్తోంది. అరే, మనం మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించేదీ ఇందుకే కదా! రాక్ గిటారు వాళ్లు తీగను వంచేదీ ఇందుకే. ముగ్గురిదీ ఒకటే పని, వేళ్ల మీద కాయలు కాచే పని.

ఆదోని దాటితే నల్లరేగడి చేలు. పత్తి లేని కాలంలో ఆ నేల బోసిగా ఉంటుంది. ఒకప్పుడు పత్తి వ్యాపారం వల్లే ఆదోనిని రెండో బొంబాయి అనేవారు. ఎమ్మిగనూరు దగ్గరపడుతుంటే నాకు మంత్రాలయమూ గుర్తొస్తుంది, అక్కడికి ఇంకాస్త దూరమే కదా. సన్యాసం తీసుకోకముందు రాఘవేంద్రస్వామి వీణ బాగా వాయించేవారని, వారి పూర్వీకులు కృష్ణదేవరాయలకు వీణ నేర్పారని చెబుతారు. తుంగభద్ర ఒడ్డున వీణకు అంత మర్యాద. ఇప్పుడు నేను దాన్ని రాక్ కోసం తీసుకుపోతున్నాను, చూడండి!

మా చెల్లెలి ఇంటికి చేరేసరికి ఉగ్గాని, బజ్జీ సిద్ధంగా ఉన్నాయి. ఎమ్మిగనూరు అంటే మాచాని సోమప్పగారు 1938లో చేనేత సంఘం పెట్టిన ఊరు. పక్కింటి తాత మగ్గం మీద బతికిన మనిషి. దుప్పటి చూడగానే "ఇది మా ఊరిదే" అన్నాడు. గాయాగుమ్ తీగలు పట్టుదారం పేని చేస్తారని మా పిల్ల చెబితే నమ్మలేదు. "పట్టు తీగ పలుకుతుందా?" అని వీడియో రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు.

ఆ రాత్రి డాబా మీద పడుకుని మా పిల్ల ఒక కథ చెప్పింది. ఆరో శతాబ్దంలో గయ రాజ్యంలో ఉరుక్ అనే విద్వాంసుడు ఈ వాద్యానికి పాటలు కట్టాడు. రాజ్యం కూలిపోబోతుంటే వాద్యంతో సిల్లా రాజ్యానికి చేరాడు. నాశనమైన రాజ్యపు సంగీతం మనకెందుకని అక్కడి మంత్రులు అడ్డుపడ్డారట. గయ చెడింది దాని రాజు వల్ల, సంగీతం చేసిన పాపమేముందని సిల్లా రాజు అన్నాడట. రాజు పంపిన ముగ్గురు శిష్యులేమో గురువు పాటలు మరీ ఆర్భాటంగా ఉన్నాయని కుదించి అయిదు చేశారు. ఉరుక్‌కి ముందు కోపం వచ్చింది. తర్వాత కూర్చుని అయిదూ విన్నాడు. విని కన్నీళ్లు పెట్టుకుని మెచ్చుకున్నాడని పాత చరిత్ర పుస్తకంలో ఉందట.

నాకు నిద్ర పట్టలేదు. అసలు మనవాళ్లు మాత్రం ఊరుకున్నారా? ఈమని శంకరశాస్త్రిగారు టెన్సింగ్ ఎవరెస్టు ఎక్కడాన్ని వీణ మీద "ఆదర్శ శిఖరారోహణం"గా వినిపించారు. వారి శిష్యులు, కాకినాడ చిట్టిబాబుగారు కోయిలను కూయించారు, దొరల పెళ్లిగంటలు మోగించారు. రేడియోలో ఆ కోయిల వస్తే పొయ్యి మీద పాలు పొంగినా కదలని దాన్ని నేను. మరి పిల్ల అడిగితే ఎందుకు కసిరినట్టు?

పొద్దున్నే అది వీణ ముందు కూర్చుంది. గిటారు అలవాటు కదా, తీగను బలంగా లాగింది. పుటుక్కున తెగింది! ముఖం తెల్లబోయింది పాపం. "లాగు, కానీ మెల్లగా లాగు. ఇది గిటారు కాదు" అని తీగ నేనే కట్టాను. శ్రుతి చేసి చూపించమంది. ఏదో మీటాను. తర్వాత అది నేర్చుకున్న రాక్ ముక్క వాయించింది. రెండు చోట్ల తప్పింది, ఒక చోట మాత్రం తీగ ఊగిన తీరుకు పక్కింటి మగ్గం ఆగింది. "ఇంకోసారి కొట్టు పాపా" అని గోడ అవతలి నుంచి తాత కేక.

నా వేళ్లు ఎర్రగా కందిపోయాయి, ఇరవై రెండేళ్ల మెత్తదనం మరి. పొద్దుటి బస్సు పోయింది, మధ్యాహ్నం బస్సూ పోయింది. సాయంత్రం బస్సుకు దుప్పటి ఒక్కటే మడిచి పట్టుకుని ఆదోని వచ్చాను.