ఎవరితో పోల్చి?

ఫిబ్రవరి 9, 2021
ఉక్కునగరం. నా రీసెర్చికి వ్యక్తిత్వ ప్రశ్నల కాగితాలు పట్టుకుని స్టీల్ ప్లాంటు క్వార్టర్ల వెంట తిరిగాను. ఎవరిని కదిపినా ఒకటే మాట, ప్లాంటు అమ్మేత్తారంట. జనవరి 27న ఢిల్లీలో నిర్ణయం చేసేశారు, ఇక్కడికి వార్త ఆలస్యంగా దిగింది. "చిన్న విషయాలకే కంగారుపడతాను" దగ్గర అందరూ 5కే, అంటే 'పూర్తిగా నిజం'కే, టిక్కు. పోయిన నెల వచ్చి ఉంటే? ఇది స్వభావమా, పేపర్లో హెడ్డింగా?

ఫిబ్రవరి 13
గైడ్ గారు: "స్కోరు స్కోరే. ఎక్కించు." ముప్పై దాటాక మనిషి గుణాలు పెద్దగా మారవని సైకాలజిస్టులు మెక్రే, కోస్టా అన్నారు. వాళ్లు కూర్మన్నపాలెంలో ప్లాంటు గేటు దగ్గరి కంగారు చూడలేదు.

ఫిబ్రవరి 18
పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీ. ప్లాంటుకు భూమి పోయి ఆర్ కార్డు (నిర్వాసితుల కార్డు) పొందిన తాత. "నేను కలుపుగోలు మనిషిని" చదివాను.
"ఎవులితో పోల్చి సెప్పమంతావమ్మా? మావూరోలతోనా, ఈ కాలనీ ఓలతోనా?"
ఆ ఊరు ఫ్యాక్టరీ కిందికి పోయింది. అక్కడ ఈయన నోరు మెదిపేవాడు కాదట. ఇక్కడ నాలుగూళ్ల జనాన్ని ఒకచోట పడేస్తే తగువులు తీర్చేది ఈయనే. 2 వెయ్యనా, 5 వెయ్యనా?
"3 ఏసుకో. నీ పనవ్వాల గదా."
నా కోసం వేసిన 3. ఇది ఏ గుణం కింద?

ఫిబ్రవరి 21
హైన్ వాళ్ల 2002 వ్యాసం మళ్లీ తీశాను. జపాన్ వాళ్లు జపాన్ వాళ్లతో, కెనడా వాళ్లు కెనడా వాళ్లతో పోల్చుకుని టిక్కు పెడతారు, రెండు సగటుల మధ్య ఉన్న తేడా కాస్తా మాయం. అంత దూరం దేనికి. అనంతపురంలో నేను నోట్లో నాలుక లేని పిల్లని. ఇక్కడ హాస్టల్లో గయ్యాళిని. మధ్యలో ఉన్నది ఒక్క ప్రశాంతి ఎక్స్‌ప్రెస్.
మా సైకాలజీ డిపార్ట్‌మెంటు 1967లో కె. రామకృష్ణారావు గారు పెట్టింది, పారాసైకాలజీతో కలిపి. అతీంద్రియాలకే జంకని చోట, తాత 3 దగ్గర ఇరుక్కున్నాను.

మార్చి 2
బరంపురం నుంచి కాపురానికి వచ్చినావిడ. "కొత్తవాళ్లతో ఇట్టే మాట కలుపుతాను." వచ్చిన కొత్తలోనా, ఇప్పుడా అంది. ఇప్పుడే. 5 పెట్టింది. టీ ఇచ్చి, కొడుకు చదువు, కోడలి ఊరు, అన్నీ చెప్పింది. డ్యూటీ దిగి ఆయన వచ్చాడు. "మా ఇంటావిడ అస్సలు మాట్లాడదండి."
5 కొట్టేసి 2 చేసింది. రెండూ ఉంచేశాను.

మార్చి 9
ప్రతి ఐటమ్ పక్కన ఖాళీ గీత పెట్టాను: ఎవరితో పోల్చి? గైడ్ గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. స్కోరింగ్ ఎలా చేస్తావమ్మా? తెలీదు. గీతలు మాత్రం నిండుతున్నాయి. మా అత్తతో. భిలాయ్‌లో ఉన్నప్పటి నాతో. చచ్చిపోయిన మా అన్నతో. జనవరికి ముందు నాతో...

మార్చి 15
ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఈ కాలమ్‌కి ఏ కోడ్ ఇవ్వాలి? అత్తకు 1, అన్నకు 2? నవ్వొచ్చింది.
గాజువాకలో కొత్త ఫారాలు జిరాక్స్ తీయించాను. ఈసారి కాపీ మసకగా ఉంటే డబ్బులివ్వనని ముందే చెప్పేశాను. షాపు కుర్రాడు ఖాళీగా ఉండి తనూ ఒకటి నింపాడు. "నేను నెమ్మదస్తుణ్ణి": 5. పక్కన గీత మీద, గుండ్రటి అక్షరాలతో: మీతో.