గాజుతొట్టిలోని కలహము

మా ముందరిగదిలో మూడడుగుల గాజుతొట్టి యొకటి కలదు. అందు రెండు ఏంజెల్ చేపలును, కొన్ని జీబ్రా చేపలును సుఖముగా నుండెడివి. గత వేసవిలో, అన్నియు కలిసియుండునన్న అంగడివాని మాట నమ్మి, నల్లచారల టైగర్ బార్బులను రెంటిని తెచ్చి విడిచితిమి. వారము తిరుగకముందే ఏంజెల్ చేపల పొడవైన రెక్కలు పీలికలైనవి. ఒకటి మూలకు జేరి మేత మానెను, మూడవనాడు చనిపోయెను. మా చిన్నమ్మాయి యన్నము ముట్టలేదు.

బార్బులను దుష్టజాతియని నిందించితిమి. విచారింపగా దోషము మాదేయని తేలినది. సుమత్రా ద్వీపపు వాగులలో పుట్టిన యీ జాతి గుంపుగా మెలగును. ఆరేడు కలిసియున్నచో తమలో తాము తరుముకొనుచు నితరుల జోలికి తక్కువగా బోవును. తోడు చాలని ఆ రెంటికి, మెల్లగా నీదు ఏంజెల్ చేపలే గురియైనవి.

మిగిలిన ఏంజెల్ చేపను వేరుతొట్టికి మార్చి, వారమున కొకసారి నాలుగవవంతు నీరు మార్చుచుంటిమి. మొదలు చెడని రెక్క మరల పెరిగినది. బార్బులకు మరి నాలుగింటిని తోడు తెచ్చి, నీటిమొక్కలు నాటితిమి. కలహము చాలవరకు తగ్గినది.

సోదరీమణులారా, చేపను కొనునపుడు దాని యందమునకు ముందు స్వభావము నడిగి తెలిసికొనుడు. మేమడుగనందున నొక ప్రాణము పోయినది.