అంకెల్లో ఎవరి చోటు ఎంత?

గ్రంథాలయంలో నా పని కేటలాగింగ్. హైదరాబాద్ కాబట్టి తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిషు పుస్తకాలు ఒకే బల్ల మీదికి వస్తాయి. ఒక్కోదానికీ డ్యూయీ నంబరు వేసి, వెన్నుకి లేబుల్ అతికించి బీరువాకి పంపాలి. చూసేవాళ్లకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, ఏ పుస్తకం దేని పక్కన కూర్చోవాలో తేల్చే పంచాయితీ ఇది.

విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె వేసే ఈ పద్ధతిని మెల్విల్ డ్యూయీ 1876లో అమెరికాలో అచ్చువేశాడు. సాహిత్యానికి కేటాయించిన 800లలో అమెరికాకి 810, ఇంగ్లిషుకి 820, ఫ్రెంచికి 840 దక్కాయి. మనం 890లోని మిగతా భాషల గుంపులో ఉన్నాం: తెలుగు సాహిత్యం 894.827. మతాల్లో క్రైస్తవానికి 220 మొదలు 280ల దాకా ఉంటే, హిందూమతానికి 294.5, ఇస్లాంకి 297. మాకు వచ్చేవి ఎక్కువగా ఈ రెండింటివే. చుక్క తర్వాత అంకెలు పెరిగిపోయి లేబుల్ మీద పట్టవు.

ఇదే చిక్కుని మరింత చేదుగా ఎదుర్కొన్నవారు డొరతీ పోర్టర్. 1930లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతివారి పుస్తక భాండారం బాధ్యత తీసుకున్నారు. నల్లజాతి కవి రాసిన కవిత్వమైనా సరే, అప్పట్లో వలసల 325లోనో బానిసత్వపు 326లోనో పడేసేవారు. ఆమె కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రని చరిత్రలో పెట్టారు. గ్రంథాలయ చరిత్ర చదివేటప్పుడు ఏ జాతిని గుమ్మం దాటనిచ్చారో మొదట చూస్తాం. దాటి వచ్చాక ఎక్కడ కూర్చోబెట్టారో కూడా చూడాలని నాకు తెలిసింది ఆమె పని వల్లే.

మా ఊళ్లోనూ ఆ చరిత్ర ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, తెలుగు పుస్తకానికంటూ ఒక నెలవు కావాలని కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించారు. ఇప్పుడు నా బల్ల దగ్గర వెనకబడుతున్నది ఉర్దూ. వివరాలు రోమన్ లిపిలో మాత్రమే ఎక్కిస్తే, ఒకే కవి పేరు నాలుగు స్పెల్లింగుల్లో చెదిరిపోతుంది, పాఠకుడికి పుస్తకం చిక్కదు. అందుకని మార్క్ అనే కంప్యూటర్ కేటలాగు రికార్డులో, మూల లిపి కోసం ఉన్న 880 ఫీల్డు తెరిచి, రచయిత పేరూ పుస్తకం పేరూ ఉర్దూ లిపిలోనే ఎక్కిస్తాను. మరాఠీకీ అంతే. ఒక్కో రికార్డుకి సమయం ఎక్కువే పడుతుంది. డ్యూయీ గీసిన గీతలు మార్చడం నా వల్ల అయ్యేది కాదు. పాఠకుడు తన లిపిలో వెతికితే పుస్తకం దొరికేలా చేయడం మాత్రం నా ఉద్యోగంలో భాగమే.