ఉన్నంతసేపూ మన బిడ్డే

ఐదో నెల స్కానింగంటే ఇంట్లో చిన్న పండగే. 'టిఫా' అని అందరూ పిలిచే ఈ పరీక్షను 18 నుంచి 20 వారాల మధ్య చేస్తారు. బిడ్డ తల, వెన్నుపూస, గుండె గదులు, మూత్రపిండాలు... ఒక్కొక్కటే కొలిచి చూస్తారు. ఆ గదిలోంచి నవ్వుతూ బయటికి వచ్చేవాళ్లే ఎక్కువ. కొందరి విషయంలో మాత్రం డాక్టరు చేయి ఒకేచోట ఆగిపోతుంది. మాటలు తగ్గిపోతాయి. 'ఇంకో డాక్టరుగారు కూడా ఒకసారి చూస్తారమ్మా' అంటారు.

ఆ తర్వాత వినపడే పేర్లు నోరు తిరగనివి. అనెన్‌సెఫలీ అంటే పుర్రె పైభాగం, మెదడులో చాలా భాగం ఏర్పడకపోవడం. ట్రైసమీ 18, ట్రైసమీ 13... ఒక క్రోమోజోము ఎక్కువ కావడంతో గుండె, మెదడు సహా ఎన్నో అవయవాలు సరిగా ఎదగకపోవడం. రెండు మూత్రపిండాలూ లేకపోతే ఉమ్మనీరు ఉండదు, ఉమ్మనీరు లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు. పేరేదైనా చివరికి తల్లి చెవిలో పడేది ఒక్కటే: 'పుట్టినా బతకడం కష్టం.'

ఇంటికొచ్చేసరికి నిర్ణయం దాదాపు అయిపోయి ఉంటుంది. 'వయసుంది, మళ్లీ పుడతారు. తీయించేయండి' అంటారు పెద్దవాళ్లు. వాళ్లు కోడలి మీద ప్రేమ లేక అనే మాట కాదది. ఆ బాధ ఎంత త్వరగా తీరిపోతే అంత మంచిదని నమ్మకం. చట్టం కూడా ఆ దారి మూయలేదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే వారాల పరిమితి అడ్డురాదు. స్త్రీ వైద్య నిపుణులు, పిల్లల వైద్యులు, స్కానింగ్ నిపుణులు ఉండే ఈ బోర్డు దరఖాస్తు అందిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని నిబంధన. ఆ దారిన వెళ్లే తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కానీ కొందరు తల్లులకు మనసొప్పదు. కొందరికి ఆ సంగతి తెలిసేసరికే నెలలు నిండుతుంటాయి. మరికొందరికి కడుపులో తన్నుతున్న బిడ్డను పుట్టాక ఒక్క గంటైనా ఒళ్లో పెట్టుకోవాలనిపిస్తుంది. అలాంటివాళ్లకు 'అయితే కానివ్వండి, చూద్దాం' అన్న మాట తప్ప చాలాచోట్ల ఇంకేమీ దొరకదు. నిజానికి వాళ్ల కోసం ఒక వైద్యం ఉంది. దాని పేరు పెరినేటల్ పాలియేటివ్ కేర్. బిడ్డ కడుపులో ఉండగానే మొదలై, ప్రసవం మీదుగా, బిడ్డ పోయాక తల్లిదండ్రుల దుఃఖం దాకా సాగే ఉపశమన సేవ ఇది.

నయం కాని జబ్బుతో ఉన్నవారికి నొప్పి లేకుండా, గౌరవంగా చివరి రోజులు గడిచేలా చూడాలన్న ఆలోచనకు 1967లో లండన్‌లో డాక్టర్ సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఒక రూపం ఇచ్చింది. పిల్లల కోసమే తొలి హాస్పిస్ 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో వెలిసింది. ఇంకా పుట్టని బిడ్డకూ ఇదే వర్తిస్తుందంటూ 'పెరినేటల్ హాస్పిస్' అనే మాటతో అమెరికా వైద్యులు కొందరు 1997లో రాశారు. ఆ దేశపు ప్రసూతి వైద్యుల సంఘం 2019లో, ఇలాంటి నిర్ధారణ ఎదురైన దంపతులకు చెప్పాల్సిన మార్గాల్లో ఇదీ ఒకటని స్పష్టం చేసింది. అక్కడ కాన్పుకు సిద్ధమయ్యే మన తెలుగు అమ్మాయిలు ఈ మాట వినే ఉంటారు. ఇక్కడి అమ్మాయిలకే కొత్త.

ఇందులో ఏం చేస్తారు? ఖమ్మం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఆమె అమ్మగారింటికి వెళ్లాల్సిన నెలలో బిడ్డకు ట్రైసమీ 18 అని తేలింది. బిడ్డను కనాలనే అనుకున్నారు. అప్పుడు ప్రసూతి డాక్టరు, పిల్లల డాక్టరు, నర్సు కలిసి వాళ్లతో తీరిగ్గా కూర్చోవాలి. ముందుగా నిర్ధారణ ఎంత గట్టిదో చెప్పాలి. స్కాన్‌లో అనుమానం వేరు, ఉమ్మనీరు తీసి చేసిన జన్యు పరీక్షలో తేలడం వేరు. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. అలాంటిచోట రెండో అభిప్రాయం తీసుకోవడం డాక్టరు మీద అపనమ్మకం కాదు.

ఆ తర్వాత ఒక్కో ప్రశ్న. కాన్పులో బిడ్డ గుండె చప్పుడు తగ్గితే సిజేరియన్ చేయాలా? బిడ్డ బతికే ఆశ లేనప్పుడు తల్లి కడుపు కోస్తే ఆ గాటు తర్వాతి కాన్పుకూ ముప్పు తెస్తుంది. అందుకే బిడ్డ కోసమంటూ ఆపరేషన్‌కు సాధారణంగా వెళ్లరు. తల్లికి అవసరమైతే అది వేరు. పుట్టిన బిడ్డ శ్వాస తీసుకోలేకపోతే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలా, తల్లి గుండెల మీద పడుకోబెట్టాలా? ఈ జవాబులన్నీ ముందే కాగితం మీద ఉండాలి. నొప్పులు వచ్చేది అర్ధరాత్రి కావచ్చు. అప్పుడు డ్యూటీలో ఉండేది ఆ జంటను ఎన్నడూ చూడని డాక్టరు కావచ్చు. కేసుషీటులో ఆ కాగితం లేకపోతే బిడ్డను అందుకున్నవాళ్లు పరుగున తీసుకెళ్లి గొట్టాలు వేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకు నేర్పింది అదే.

'అంటే ఏమీ చేయకుండా వదిలేస్తారా?' అని అత్తగారు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వదిలేయరు. తడి తుడిచి, పొత్తిళ్లలో చుట్టి, వెచ్చగా ఉంచుతారు. తల్లి చర్మానికి ఆనించి పడుకోబెడతారు. పీల్చగలిగితే పాలు, లేకపోతే పెదాల మీద నాలుగు చుక్కలు. ఆయాసం, నొప్పి కనపడితే సూది గుచ్చకుండా నోట్లో వేసే మందులున్నాయి. రక్తపరీక్షల పేరుతో కాలూ చేయీ గుచ్చరు. రోజులు గడిస్తే, బిడ్డను ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే ఎలా పట్టాలో, ఎలా పాలుపట్టాలో, ఊపిరి మారితే ఎవరికి ఫోన్ చేయాలో నేర్పి పంపుతారు.

లెక్కలు తప్పడమూ ఉంటుంది. అనెన్‌సెఫలీ ఉన్న బిడ్డలు చాలావరకు గంటల్లో, రోజుల్లో వెళ్లిపోతారు. ట్రైసమీ 18తో ప్రాణంతో పుట్టినవాళ్లలో మాత్రం 100కి అయిదు నుంచి పదిమంది వరకు తొలి పుట్టినరోజు దాటుతారు. అందుకే ఆ కాగితం శిలాశాసనం కాదు. బిడ్డ పరిస్థితి అనుకున్నదానికంటే మెరుగ్గా ఉంటే కొత్తగా ఆలోచిస్తారు.

ఇక మన ఇళ్లలోని అసలు ముడి వేరేచోట ఉంది. బిడ్డ పోతే తల్లికి చూపించరు. 'చూస్తే మరిచిపోలేదు' అంటారు. మత్తు వదిలేలోపే తండ్రి తరఫువాళ్లు ఎవరో గుడ్డలో చుట్టి తీసుకెళ్లి, పసిపిల్లలను పాతిపెట్టే చోట పాతిపెట్టి వస్తారు. ఎక్కడో కూడా ఆమెకు చెప్పరు. తొమ్మిది నెలలు మోసిన మనిషికి బిడ్డ ముక్కు ఎవరి పోలికో తెలియదు. మన పల్లెల్లో డెబ్బై ఏళ్ల ముసలమ్మలు తొలిచూలు బిడ్డ గురించి చెబుతూ 'నాకు చూపించనేలేదు' అనడం విన్నవాళ్లకు, చూపించకపోతే మరిచిపోతారన్న వాదన ఎంతవరకు నిజమో తెలుస్తుంది. చూసి తీరాలని బలవంతమూ లేదు. అడగాలి, అంతే. ఇప్పుడు వద్దన్నవాళ్లు గంట తర్వాత కావాలనవచ్చు. ఒక ఫొటో, అరికాలి ముద్ర, కప్పిన గుడ్డ... తీసి దాచి ఉంచితే ఎప్పుడో ఒకనాడు అడుగుతారు. అమెరికాలో 2005లో మొదలైన ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఫొటోగ్రాఫర్లు ఆసుపత్రికే వచ్చి ఇలాంటి బిడ్డలకు ఉచితంగా ఫొటోలు తీస్తున్నారు.

పేరు సంగతీ అంతే. ఇతర దేశాల్లో ఆడో మగో ముందే తెలుసుకుని కడుపులో బిడ్డకు పేరు పెట్టేస్తారు. ఇక్కడ 1994 నాటి చట్టం ప్రకారం అది చెప్పకూడదు. మనకేమో బారసాల దాకా పేరుండదు. అయినా బుజ్జీ, చిన్నీ అని పిలవడానికి ఏ చట్టమూ అడ్డురాదు, ఏ ముహూర్తమూ అక్కర్లేదు. ఇంట్లో పెద్దబిడ్డ ఉంటే, తమ్ముడో చెల్లో చనిపోయిందని ఆ మాటతోనే చెప్పాలి. 'నిద్రపోయింది' అంటే ఆ పసివాడు రాత్రి పడుకోవడానికి భయపడతాడు.

మన దేశంలో పాలియేటివ్ కేర్ అంటే ఇప్పటికీ ఎక్కువగా క్యాన్సరే గుర్తొస్తుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకూ ఈ సేవ అందుతోంది. ముంబయిలో 1989లో తల్లిపాల బ్యాంకు ప్రారంభించిన నవజాత శిశువైద్య నిపుణురాలు డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్, క్యాన్సర్‌తో పోయిన కూతురి పేరిట పాలియేటివ్ కేర్ కేంద్రాన్నీ నెలకొల్పారు. పుట్టబోయే బిడ్డల కోసం ప్రత్యేక విభాగాలు మాత్రం అరుదు. అలాగని బోర్డు కోసం వెతకక్కర్లేదు. నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో 'మా బిడ్డకు బాధ లేకుండా చూడటానికి ముందుగా ప్రణాళిక రాసుకుందాం డాక్టరుగారూ' అని తల్లిదండ్రులు అడిగితే, చేయడానికి కావాల్సిన మనుషులు చాలావరకు అక్కడే ఉంటారు.

బిడ్డ వెళ్లాక ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. మూడోరోజుకు పాలు పడతాయి. ఉయ్యాల ఖాళీగా ఉందని శరీరానికి తెలియదు. డాక్టరును అడిగితే పాలు తగ్గడానికి మాత్ర ఇస్తారు. ఇవ్వాలనుకునే తల్లులుంటే నిలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది. ఒక్క నిమిషం బతికిన బిడ్డకైనా జననమూ మరణమూ రెండూ నమోదు చేయించాలి, అదీ 21 రోజుల్లోపు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు మృతశిశువు పుట్టినా, పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డ పోయినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2022లో ఉత్తర్వు వచ్చింది. తండ్రికి అలాంటిదేమీ లేదు. నాలుగోరోజున ఆఫీసుకెళ్తే 'మీ ఆవిడ ఎలా ఉంది' అంటారు తప్ప 'నువ్వెలా ఉన్నావ్' అని ఎవరూ అడగరు.

మళ్లీ గర్భం గురించి ఆలోచించే ముందు జన్యు నిపుణులను కలవాలి. అన్ని లోపాలూ మళ్లీ రావు, కొన్ని రావచ్చు. పోయిన బిడ్డది అనెన్‌సెఫలీ, వెన్నుపూస లోపం లాంటిదైతే ఫోలిక్ యాసిడ్ మోతాదు మారుతుంది. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, వీరికి 5 మిల్లీగ్రాములు రాస్తారు. ఇలాంటి తల్లులకు పెద్ద మోతాదు ఇస్తే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. అయితే నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమైనట్లే. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. ఆ చీటీ డిశ్చార్జి కాగితాలతో పాటే అడిగి రాయించుకోవాలి.